గమ్ బూటు లోపలి వాతావరణం

రొయ్యల ప్లాంటులో తొక్క తీసే మహిళల కాళ్లకు తెల్ల గమ్ బూట్లుంటాయి. మురుగు కాలువల్లో పూడిక తీసే కార్మికులకు నల్లవి ఇస్తారు. మన దగ్గర గమ్ బూటంటే డ్యూటీ కోసం తొడుక్కునేది, షిఫ్టు అయిపోగానే విప్పేసేది. అలాస్కా ఆగ్నేయ తీరంలో అలా కాదు. సిట్కా, జూనో, కెచికాన్ లాంటి ఊళ్లలో బడిపిల్లలు, చేపల పడవల వాళ్లు, ఆఫీసులకు వెళ్లేవాళ్లు, ఆఖరికి పెళ్లికి వచ్చిన చుట్టాలు కూడా ఎక్స్‌ట్రాటఫ్ అనే గోధుమరంగు రబ్బరు బూట్లతోనే తిరుగుతారు. కెచికాన్‌లో ఏడాదికి 3,500 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. హైదరాబాద్‌లో పడేది సుమారు అందులో నాలుగో వంతు. అక్కడ ఆ బూటు లేకుండా గడప దాటడం కష్టం.

అదే బూటు వేసుకుని జూన్ నెలలో మన ఊళ్లో గంటసేపు నడిస్తే పాదాలు ఉడికిపోతాయి. బయటి నుంచి చుక్క నీరు లోపలికి రాకపోయినా, విప్పి చూస్తే సాక్సులు తడిసి ఉంటాయి. ఆ తడి ఎక్కడిదో, దాన్ని ఏం చేయాలో తెలిస్తే గమ్ బూటు మన రోజువారీ జీవితంలో నిలబడుతుంది. తెలియకపోతే గోడ పక్కన దుమ్ము పట్టి పడి ఉంటుంది. నీటిని బయటే ఆపడం ఎలాగో పందొమ్మిదో శతాబ్దంలోనే తేలిపోయింది. లోపలి చెమటను బయటికి పంపడం ఎలాగన్నది మాత్రం, ముఖ్యంగా వేడి దేశాల్లో, ఇప్పటికీ సరిగ్గా తేలలేదు.

మొదటి సంగతి తేలడానికే చాలా కాలం పట్టింది. అమెజాన్ అడవుల్లోని ఆదివాసులు హెవియా చెట్టు పాలను పూత మీద పూతగా పట్టించి, పొగ చూపించి నీరు చొరని తొడుగులు చేసుకునేవారు. 1820లలో బ్రెజిల్‌లోని పారా రేవు నుంచి ఇలాంటి రబ్బరు జోళ్లు ఓడల్లో బాస్టన్‌కు చేరాయి. జనం ఎగబడి కొన్నారు. కానీ ఆ సంబరం ఎంతో కాలం నిలవలేదు. చలికాలంలో అవి కొయ్యలా బిగుసుకుపోయేవి, ఎండాకాలంలో జిగురై కంపు కొట్టేవి.

పచ్చి రబ్బరు ఇలా ఎందుకు చేస్తుంది? రబ్బరంటే ఐసోప్రీన్ అనే చిన్న అణువులు వేల సంఖ్యలో ఒకదానికొకటి తగులుకుని ఏర్పడిన పొడవాటి గొలుసులు. పచ్చి రబ్బరులో ఈ గొలుసులు పక్కపక్కనే చిక్కుపడి ఉంటాయే తప్ప ఒకదాన్నొకటి పట్టుకుని ఉండవు. వేడి తగిలితే జారిపోతాయి, అందుకే జిగురు. చలికి కదలిక తగ్గి బిగుసుకుంటాయి, అందుకే పెళుసు. అమెరికాకు చెందిన చార్లెస్ గుడ్‌ఇయర్ ఈ చిక్కు విప్పడానికి ఏళ్ల తరబడి అప్పులు చేసి, జైలుకు కూడా వెళ్లాడు. 1839లో గంధకం కలిపిన రబ్బరు వేడి పొయ్యికి తగిలినప్పుడు కరగకుండా గట్టిపడడం గమనించాడు. గంధకం పరమాణువులు ఒక గొలుసుకూ పక్క గొలుసుకూ మధ్య వంతెనలు కడతాయి. విడి దారాలకు అక్కడక్కడా ముడులు వేస్తే వల తయారైనట్టు, రబ్బరంతా ఒకే అల్లిక అవుతుంది. లాగితే సాగుతుంది, వదిలితే తిరిగి వస్తుంది, ఎండకు కరగదు. గుడ్‌ఇయర్‌కు 1844లో పేటెంటు దక్కింది. ఇంగ్లండులో థామస్ హాన్‌కాక్ అంతకు కాస్త ముందే, 1843లో, దరఖాస్తు పెట్టేశాడు. ఈ పద్ధతే వల్కనైజేషన్.

బూటు ఆ వెంటనే వచ్చింది. గుడ్‌ఇయర్ పద్ధతిని పాదరక్షలకు వాడే హక్కులు తీసుకున్న హైరమ్ హచిన్సన్ అనే అమెరికన్ 1853లో ఫ్రాన్సులో ఫ్యాక్టరీ పెట్టాడు. నేటి ఎయిగల్ కంపెనీ అదే. చెక్క జోళ్లతో రోజంతా బురదలో నానిన ఫ్రెంచి రైతు మొదటిసారి పొడి కాళ్లతో ఇంటికి వచ్చాడు. 1856లో హెన్రీ లీ నారిస్ అనే మరో అమెరికన్ స్కాట్లండు వెళ్లి నార్త్ బ్రిటిష్ రబ్బర్ కంపెనీ మొదలుపెట్టాడు. ఇంగ్లీషు వాళ్లు వీటిని వెల్లింగ్టన్ బూట్లంటారు. ఆ వెల్లింగ్టన్ ఎవరో కాదు, 1799లో శ్రీరంగపట్నం ముట్టడిలో నిజాం తరఫు సేనను నడిపిన ఆర్థర్ వెల్లెస్లీ. ఆయన తన చెప్పులు కుట్టేవాడితో చేయించుకున్నది తోలు బూటు. ఆ ఆకారాన్నీ ఆ పేరునూ రబ్బరు తీసుకుంది. ఫిన్లండులో 1898లో మొదలైన రబ్బరు ఫ్యాక్టరీ కొన్నేళ్లకు నోకియా అనే ఊరికి మారింది. బూట్లు చేసిన ఆ కంపెనీ 1967లో నోకియా కార్పొరేషన్‌లో కలిసింది. ఒకప్పుడు మన ఇళ్లలో ప్రతి చేతిలోనూ కనిపించిన ఫోను మీది పేరు ఫిన్లండు పెద్దవాళ్లకు వాన బూటును గుర్తుచేస్తుంది.

ఈలోగా మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. 1914-15 చలికాలంలో పశ్చిమ రంగంలో మోకాటి లోతు నీళ్లు నిలిచిన కందకాల్లో బ్రిటిష్ సైనికులు రోజుల తరబడి నిలబడ్డారు. ఆ ఒక్క శీతాకాలంలోనే సుమారు 20,000 మంది 'ట్రెంచ్ ఫుట్' పాలయ్యారు. నీరు గడ్డకట్టేంత చలి కూడా అక్కర్లేదు. చల్లటి తడిలో పాదం ఎక్కువసేపు ఉంటే ఒంట్లో వేడి కాపాడుకోవడానికి పాదంలోని రక్తనాళాలు ముడుచుకుంటాయి. రక్తం అందక నరాలు, కండ దెబ్బతింటాయి. తిమ్మిరి, వాపు, బొబ్బలు, ముదిరితే కుళ్లు. బ్రిటిష్ ప్రభుత్వం నార్త్ బ్రిటిష్ కంపెనీతో పదకొండున్నర లక్షల జతలకు పైగా రబ్బరు బూట్లు చేయించింది. అయితే బూటు ఒక్కదానితో పని జరగలేదు. సాక్సులు మార్చుకోవాలి, కాళ్లు తుడుచుకోవాలి, తిమింగలం నూనె రుద్దుకోవాలి, ఒకరి కాళ్లు ఒకరు చూడాలి అని ఆదేశాలు వెళ్లాయి. ఇవన్నీ కలిశాకే జబ్బు తగ్గింది. వంద ఏళ్ల తర్వాత ఈ రోజు ఎవరికైనా గమ్ బూట్లు ఇచ్చి చేతులు దులుపుకునే యజమానులు గుర్తుంచుకోవలసిన భాగం ఇదే.

ఇక బూటు లోపలికి వెళ్దాం. రెండు పాదాల్లో కలిపి రెండు లక్షలకు పైగా స్వేద గ్రంథులుంటాయి. ఒంట్లో మరెక్కడా ఇంత దట్టంగా ఉండవు, ఒక్క అరచేతుల్లో తప్ప. చెమట పట్టడంతోనే చల్లదనం రాదు, అది ఆవిరి కావాలి. ఆవిరవుతూ చర్మం నుంచి వేడిని తీసుకుపోతుంది. చెప్పులో ఇది సాఫీగా జరుగుతుంది. తోలు బూటులోనూ కొంత జరుగుతుంది, ఎందుకంటే తోలుకు సన్నని రంధ్రాలుంటాయి. రబ్బరుకు ఆ దారి లేదు. నీటిని ఆపే అల్లికే ఆవిరినీ ఆపుతుంది. తొడుక్కున్న కాసేపటికే లోపలి గాలి ఆవిరితో నిండిపోతుంది. ఇక చెమట పడుతూనే ఉంటుంది, ఆవిరి కాదు. చల్లబడని పాదం ఇంకా ఎక్కువ చెమట పోస్తుంది.

చలిదేశంలో ఈ కథ వేరుగా నడుస్తుంది. అక్కడ బూటు గోడ చల్లగా ఉంటుంది కాబట్టి ఆవిరి పాదం నుంచి గోడ వైపు వెళ్లి, అక్కడ బిందువులుగా చేరి అస్తరుకు పడుతుంది. పాదానికి ఊలు సాక్సు ఉంటే చర్మం చాలాసేపు పొడిగానే ఉంటుంది. ఊలు తన బరువులో దాదాపు మూడో వంతు తేమ పీల్చుకున్నా ముట్టుకుంటే తడిగా తెలియదు. మన దగ్గర 38 డిగ్రీల ఎండలో నల్ల బూటు గోడ పాదం కన్నా వేడెక్కుతుంది. ఆవిరి చేరడానికి చల్లని చోటే లేదు. అందుకే అలాస్కాలో రోజంతా తిరిగే బూటు మన దగ్గర గంటకే భారమవుతుంది. తప్పు కార్మికుడి అలవాటులో లేదు, ఆ బూటును ఏ వాతావరణానికి తయారుచేశారన్న దాంట్లో ఉంది.

బూటు లోపల గాలి అసలు కదలదా అంటే కొంచెం కదులుతుంది. అడుగు వేసినప్పుడల్లా పిక్క బూటు గొట్టాన్ని నొక్కి లోపలి గాలిని బయటికి తోస్తుంది, కాలు ఎత్తగానే బయటి గాలి లోపలికి వస్తుంది. గొట్టం పిక్కకు బిగుతుగా ఉన్నా, పాంటు పైనుంచి దించి మూత పెట్టినా ఈ కాస్త గాలీ ఆగిపోతుంది. వాన కురుస్తున్నప్పుడు పాంటు బూటు పైకి దించడమే మంచిది, లేకపోతే నీరు నేరుగా లోపలికి జారుతుంది. వాన లేకుండా నేల మాత్రమే తడిగా ఉంటే పాంటు లోపలికి దోపుకుని, గొట్టం అంచును వదులుగా ఉంచుకోవాలి. ఒకచోట నిలబడి పనిచేసేవాళ్లకు ఈ గాలి కూడా అందదు. రొయ్యలు ఒలిచే మహిళల పని అలాంటిదే. చన్నీళ్లు, ఐసు మధ్య గంటల తరబడి నిలబడాలి.

తడిలో నానిన పాదానికి ఏమవుతుంది? చర్మం పై పొర నీరు పీల్చి ఉబ్బుతుంది, తెల్లబడుతుంది, రాపిడికి తేలిగ్గా ఊడిపోతుంది. చర్మం మీద సహజంగా ఉండే బ్యాక్టీరియా చెమటలోని లూసిన్ అనే అమైనో ఆమ్లాన్ని విరగ్గొట్టి ఐసోవలెరిక్ ఆమ్లం తయారుచేస్తాయి. బూటు విప్పగానే వచ్చే వాసన చాలావరకు దానిదే. చెమటకు సొంతంగా అంత వాసన ఉండదు. ఇంకొన్ని బ్యాక్టీరియా అరికాలి చర్మాన్నే తిని చిన్న చిన్న గుంటలు పెడతాయి. వేళ్ల సందుల్లో ట్రైకోఫైటాన్ జాతి ఫంగస్ చేరితే దురద, పగుళ్లు, ఒరుపు. వియత్నాం యుద్ధంలో వెచ్చని వరి పొలాల నీటిలో రోజుల తరబడి నడిచిన అమెరికా సైనికుల పాదాలు ఇలాగే పాడై, దళాలకు దళాలే నడవలేని స్థితికి వచ్చాయి. వారి వైద్యులు చేసిన ప్రయోగాల్లో బయటపడిన విషయం మన రైతు కూలీలకు ఎప్పుడో తెలుసు: పగలంతా నానినా రాత్రంతా పాదం పూర్తిగా ఆరితే చర్మం కోలుకుంటుంది. ఆరే సమయం దొరక్కపోతేనే ప్రమాదం.

ఆషాఢంలో నాట్లు మొదలయ్యే వేళకు గోరింటాకు పెట్టుకునే అలవాటును కూడా ఇక్కడే తలుచుకోవాలి. గోరింటలోని లాసోన్ అనే రంగు పదార్థం చర్మం పై పొరలోని కెరాటిన్‌ను పట్టుకుంటుంది, అందుకే ఎరుపు పోదు. పాదాలను పట్టే ఫంగస్‌ల మీద అది పనిచేస్తుందని ప్రయోగశాలల్లో కనిపించింది. వేళ్లకూ పాదాల అంచులకూ దట్టంగా పట్టించే ఆ పద్ధతి అందానికే కాదు, పనికీ వచ్చి ఉండవచ్చు.

ఆ నాట్ల మడిలోకి మాత్రం మామూలు గమ్ బూటు దిగలేదు. దమ్ము చేసిన బురద బూటు చుట్టూ సందు లేకుండా కమ్ముకుంటుంది. కాలు పైకి లాగితే అడుగు కింద ఖాళీ ఏర్పడాలి, ఆ ఖాళీలోకి గాలి వెళ్లే దారి లేదు. కింద పీడనం పడిపోతుంది, పైన వాతావరణం నొక్కుతూనే ఉంటుంది. బూటు అడుగు వైశాల్యం సుమారు 200 చదరపు సెంటీమీటర్లు అనుకుంటే, పీడనంలో పదో వంతు తేడా వచ్చినా 20 కిలోల బరువు కాలిని కిందికి లాగినట్టే. బూటు వదులైతే అది మడిలోనే ఉండిపోయి కాలు ఒక్కటే పైకి వస్తుంది. ఒట్టి పాదం అలా కాదు. వంగుతుంది, సన్నబడుతుంది, మడమ ముందు లేచి పక్క నుంచి నీటికీ గాలికీ దారి ఇస్తుంది. బూటుతో బురదలో ఇరుక్కుంటే చేయవలసిందీ అదే: నిలువుగా లాగకుండా మడమను మెల్లగా అటూ ఇటూ కదిపి, సందు చేసుకుని, మడమ వైపు నుంచి లేపాలి.

జపాను వాళ్లు ఈ సమస్యకు వేరే పరిష్కారం కనిపెట్టారు. అక్కడ వరి నాట్లకు ప్రత్యేకమైన బూట్లు దొరుకుతాయి. పలుచని మెత్తని రబ్బరు, మోకాలి దాకా పొడవు, చీలమండ దగ్గరా పిక్క దగ్గరా ఒంటికి అతుక్కునేంత బిగుతు. పాదంతో పాటే వంగుతాయి, బురద వాటిని ఊడలాగలేదు. వరి పండించే మన రెండు రాష్ట్రాల్లో, నాట్లు ఎక్కువగా ఆడవాళ్లే వేసే చోట, అలాంటి బూటు చవగ్గా దొరక్కపోవడం నాకు చాలా బాధగా ఉంటుంది. ఫ్యాక్టరీ పనికి చేసిన బూటును మడిలోకి తెచ్చి, 'మన వాళ్లు వేసుకోరు' అనడం న్యాయం కాదు.

ఎందుకు వేసుకోవాలో చెప్పడానికి కారణాలు కావలసినన్ని ఉన్నాయి. 2020లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం అంచనా ప్రకారం 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుకు సుమారు 12 లక్షల మంది చనిపోయారు. అంటే ఏడాదికి దాదాపు 58,000. ఈ మరణాల్లో 70 శాతం ఎనిమిది రాష్ట్రాల్లో జరిగాయి, తెలంగాణ ప్రాంతం కూడా కలిసిన ఆంధ్రప్రదేశ్ అందులో ఒకటి. సగం మరణాలు వానాకాలంలోనే. పొలంలో కాట్లు ఎక్కువగా పడేది కాళ్ల మీదే. గట్టు మీద గడ్డిలో రక్తపింజరిని తొక్కినప్పుడు మందపాటి రబ్బరు, దానికీ చర్మానికీ మధ్య ఉన్న ఖాళీ రెండూ కలిసి కోరను ఆపే అవకాశం బాగా ఎక్కువ. పూర్తి హామీ కాదు. ఇంట్లో కింద పడుకున్నవాళ్లను రాత్రి కరిచే కట్లపాముకు బూటు జవాబు కాదు, దానికి మంచం, దోమతెర కావాలి.

కంటికి కనిపించని శత్రువులు ఇంకా ఉన్నాయి. ఎలుకల మూత్రంతో కలిసిన నీటిలో లెప్టోస్పైరా బ్యాక్టీరియా బతుకుతాయి. చర్మం మీది చిన్న గీతల నుంచి, నానిన పొరల నుంచి ఒంట్లోకి పోయి జ్వరం తెస్తాయి. ముదిరితే కాలేయం, మూత్రపిండాలు దెబ్బతింటాయి. 2018 వరదల తర్వాత కేరళను వణికించిన ఎలుక జ్వరం ఇదే. కొంకిపురుగు సంగతి ఇంకా వింతైనది. పందొమ్మిదో శతాబ్దం చివర కైరోలో ఆర్థర్ లూస్ అనే శాస్త్రవేత్త చేతి మీద ఈ పురుగు పిల్లలున్న నీటి చుక్కలు ఒలికాయి. చేయి మండింది, కొన్ని వారాలకు ఆయన మలంలోనే కొంకిపురుగు గుడ్లు కనిపించాయి. అది నోటి నుంచే వస్తుందనుకున్న లోకానికి చర్మం గుండా కూడా వస్తుందని అలా తెలిసింది. తడి నేలలో ఒట్టి కాళ్లతో నడిచే పల్లెల్లో రక్తహీనతకు ఇది ఎన్ని తరాలుగానో కారణం.

పారిశుద్ధ్య కార్మికుల విషయంలో నా అభిప్రాయం సూటిగా చెబుతాను. బూట్లు ఇచ్చామని రిజిస్టరులో రాసుకోవడం రక్షణ కాదు. మగవాళ్ల సైజులు తెచ్చి ఆడవాళ్లకు ఇస్తే మడమ లోపల జారి బొబ్బలు వస్తాయి. బరువు కూడా చిన్న విషయం కాదు. పాదానికి తగిలించిన ఒక కిలో, నడకలో వీపు మీద అయిదు కిలోల మోతకు దాదాపు సమానమని కొలిచి చూశారు. రెండు కిలోల జతతో పొద్దున్నుంచి వీధులు ఊడ్చడం ఎంత శ్రమో ఊహించుకోవచ్చు. పాలియురెథేన్, ఈవీఏ లాంటి నురుగు పదార్థాలతో చేసిన బూట్లు చాలా తేలిక. నీరు చీలమండ దాటని చోట పొట్టి బూటు చాలు. మనిషికి రెండు జతలు ఉండాలి, ఒకటి వాడుతుంటే ఒకటి ఆరాలి. మధ్యాహ్నం సాక్సులు మార్చుకునే పది నిమిషాల విరామం, కాళ్లు కడుక్కునే నీళ్లు కూడా బూటులో భాగమే.

బూటు చేయలేని పనులు రెండున్నాయి. బూట్లను నమ్మి ప్రాణాల మీదికి తెచ్చుకునేవాళ్లున్నారు కాబట్టి చెప్పాలి. రబ్బరు కరెంటును ఆపుతుంది కదా అని వరద నీటిలో తెగిపడిన తీగల దగ్గరికి వెళ్లకూడదు. నల్ల రబ్బరులో బలం కోసం కలిపే కార్బన్ బ్లాక్ విద్యుత్తును పోనిస్తుంది. అందుకే కరెంటు పనివాళ్లకు విడిగా పరీక్షించిన బూట్లుంటాయి. రెండోది, గొట్టం అంచు దాటిన నీటిలోకి దిగడం. బూటు నిండిన నీరు నీటిలో ఉన్నంతసేపు కిందికి లాగదు, కానీ ప్రవాహంలో కాలు తిప్పనివ్వదు, గట్టెక్కేటప్పుడు దాని బరువంతా కాలి మీదే పడుతుంది.

కొనేటప్పుడు మందపాటి సాక్సు వేసుకుని, సాయంత్రం పాదాలు కాస్త ఉబ్బి ఉన్నప్పుడు తొడిగి చూడండి. వేళ్ల ముందు వేలెడు మందం ఖాళీ ఉండాలి, మడమ మాత్రం జారకూడదు. అడుగున గాడులు లోతుగా, అంచుల దాకా తెరుచుకుని ఉండాలి. నీరు పక్కకు పోయే దారి ఉంటేనే రబ్బరు నేలను పట్టుకుంటుంది. సాక్సుల్లో ఊలు లేదా ఊలు కలిపిన పలుచనివి మేలు. నూలు సాక్సు చెమట పీల్చి దాన్ని చర్మానికే అంటిపెట్టి ఉంచుతుంది.

విప్పాక లోపలి ఇన్‌సోల్ తీసి విడిగా ఆరబెట్టాలి. బూటులో పాత పేపరు నలిపి కూరి, తడిసినప్పుడల్లా మార్చాలి. ఎండలో, పొయ్యి పక్కన పెట్టకూడదు. ఎండలోని అతినీలలోహిత కిరణాలూ గాలిలోని ఓజోనూ రబ్బరు గొలుసులను తెంచుతాయి, మడత పడే చోట ముందుగా సన్నని పగుళ్లు వస్తాయి. ఆ ఓజోన్ నుంచి కాపాడటానికే ఫ్యాక్టరీలో రబ్బరులో మైనం కలుపుతారు. అది మెల్లగా పైకి వచ్చి తెల్లటి పొడిలా కనిపిస్తుంది. బూజు అనుకుని బూటు పారేయనక్కర్లేదు, గుడ్డతో తుడిస్తే చాలు.

చిల్లి పడిందని అనుమానం వస్తే చీకటి గదిలో బూటు లోపల సెల్‌ఫోను టార్చి పెట్టి, మడతలు వంచుతూ చూడండి. వెలుగు కనిపించకపోతే బూటు సగం దాకా బకెట్ నీళ్లలో ముంచి, లోపల పొడి కాగితం వేసి అయిదు నిమిషాలు ఉంచండి. అసలు రబ్బరు బూటైతే సైకిల్ షాపులో ట్యూబుకు వేసే పంక్చర్ అతుకే దానికీ పడుతుంది. చోటు గరుకుగా గీకి, సొల్యూషన్ రాసి, ఆరాక అతికించి నొక్కాలి. మన బజార్లలో చవగ్గా దొరికేవి చాలావరకు పీవీసీ బూట్లు. వాటికి ఆ సొల్యూషన్ పట్టదు, పీవీసీకి పనికొచ్చే జిగురు విడిగా తెచ్చుకోవాలి.